పేరు చెప్పని ప్రార్థన మనవి

ఆగస్టు 4, సోమవారం

చుక్కి ఇవాళ కూడా తినలేదు. నిన్న పెట్టిన చేప ముక్క అలాగే ఉంది, చీమలు పట్టాయి. నీళ్ళు మాత్రం గిన్నెలు గిన్నెలు తాగేస్తోంది. పొట్ట ఉబ్బినట్టుంది. చెయ్యేసి చూద్దామంటే బీరువా వెనక్కి దూరిపోయింది.

మామూలుగానే అది భయస్థురాలు. కుక్కర్ కూత పెడితే బీరువా వెనక్కి. గ్యాస్ బండ దించితే బీరువా వెనక్కి. వెస్లీ సిమెంట్ ఫ్యాక్టరీ నుంచి హెల్మెట్‌తో లోపలికొస్తే ఇంటాయన అని కూడా చూడదు, బీరువా వెనక్కే. మూడేళ్ళ పిల్లి, ఇంతవరకు తనంతట తాను గుమ్మం దాటి ఎరగదు. అందుకే అత్తయ్య అన్న మాట జరిగే పని కాదు.

మంచం మీద కూర్చుని గోరుచిక్కుళ్ళకి ఈనెలు తీస్తూ, "కడుపుతో ఉందేమోనే జాయిసూ," అంది. ఆ మొహంలో వెలుగు చూడాలి.

"మగపిల్లి గాలి కూడా సోకలేదు దానికి. ఎలా ఉంటుంది అత్తయ్యా?"

"ఏమో, దేవుడు తల్చుకుంటే..."

దేవుడు తల్చుకోకపోతే ఎలా ఉంటుందో ఈ ఇంట్లో నాకంటే బాగా ఎవరికి తెలుసు? గోరుచిక్కుళ్ళ గిన్నె తీసుకుని వంటింట్లోకి వచ్చేశా.

ఆగస్టు 5, మంగళవారం

స్కూల్ అయ్యాక చిల్లకల్లు నుంచి వచ్చి, బస్సు దిగి నేరుగా మా ఊరు పేటలో పశువుల ఆసుపత్రికి వెళ్ళా. పిల్లి లేకుండా, ఫోన్లో ఫొటోతో. డాక్టర్ గారు అప్పుడే ఒక గేదెకి పురుడు పోసి చేతులు కడుక్కుంటున్నారు. ఫొటో చూసి, "ఇది చూడ్డానికి బాగాలేదమ్మా. స్కానింగ్ తియ్యాలి. పిల్లులకి కోతలు మా దగ్గర కుదరవు. నందిగామలో దిలీప్ గారని ఉన్నారు, ఆయన దగ్గరికి తీసుకెళ్ళండి," అన్నారు.

దిలీప్ గారు నాకు తెలుసు. పోయినేడు చుక్కికి టీకా వేయించింది ఆయన దగ్గరే. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించెయ్యండి, తర్వాత జబ్బులు రావు అని అప్పుడే చెప్పారు. ఆ సంగతి ఇంటికొచ్చి చెబితే అత్తయ్య, "దాని జోలికి పోకండి. ఈ ఇంట్లో దాన్నైనా కననివ్వండి," అంది.

ఆ మాట నేనెప్పుడో మర్చిపోయా. దిలీప్ గారు గుర్తొచ్చారు కాబట్టి రాశా, అంతే.

ఆగస్టు 6, బుధవారం

చెయ్యి మండుతోంది. మోచేతి నుంచి మణికట్టు దాకా గీతలే.

వెస్లీ షిఫ్ట్ నుంచి రాగానే ఇద్దరం తలుపులన్నీ వేసి మొదలుపెట్టాం. మామయ్య బతికున్నప్పుడు కోళ్ళు పెంచిన గంప అటక మీద ఉంటే దింపాం. చుక్కి మీద గంప బోర్లించి, కిందనుంచి మందపాటి అట్ట దూర్చి, పైన పాత చీర కట్టెయ్యాలి. చెప్పుకోవడానికి ఎంత సులువో. వెస్లీ బీరువా ఇటు జరిపితే అది అటు. దుప్పటి వేస్తే దుప్పటి మాత్రమే దొరికింది. భయంతో వెస్లీ యూనిఫాం మీద పోసేసింది. "ఇంక నా వల్ల కాదు జాయిస్," అని ఆయన చేతులెత్తేశాడు.

అప్పుడు చుక్కి హాలంతా ఒక చుట్టు చుట్టి, ఎక్కడా దారి లేక అత్తయ్య మంచం ఎక్కి, ఆమె ఒళ్ళో చీర కుచ్చెళ్ళలోకి తల దూర్చేసింది.

"ఛీ ఛీ, నా మీదకేంటే ఇది! తియ్యండి, తియ్యండి!" అని అరుస్తూనే అత్తయ్య దాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. ఆవిడకి పిల్లులంటే గిట్టదు. అయినా పట్టుకుంది, అదృష్టం. తెల్ల చీర మీద బూడిదరంగు వెంట్రుకలు ఎప్పుడూ ఉంటాయి, ఇవాళ ఇంకా ఎక్కువయ్యాయి. ఆ వెంట్రుకలు గాలికి ఇల్లంతా ఎగురుతాయి కదా.

జ్ఞానయ్య ఆటోలో నందిగామ వెళ్ళాం. హైవే మీద లారీ హారన్ కొట్టిన ప్రతిసారీ గంప నా ఒళ్ళో అదిరింది. పిల్లి నోరు తెరుచుకుని కుక్కలా రొప్పడం మొదటిసారి చూశా. అక్కడే పోతుందనుకున్నా.

గర్భసంచి నిండా చీము. దిలీప్ గారు స్కానింగ్‌లో వేలు పెట్టి చూపించారు. నల్లగా, సొరకాయ తీగకి కాయలు వేలాడినట్టు.

"ఇవాళే కోస్తే తట్టుకోలేదమ్మా. జ్వరం దిగాలి. సెలైన్, ఇంజెక్షన్ ఇస్తున్నా, ఇంటి దగ్గర మందులు పట్టండి. సోమవారం పొద్దున్నే తీసుకురండి, గర్భసంచి తీసేద్దాం. సోమవారం మాత్రం దాటకూడదు. లోపల పగిలిందంటే ఇంక నా చేతిలో ఉండదు."

ఇంకో మాట కూడా గట్టిగా చెప్పారు. ఆదివారం చీకటి పడ్డాక దానికి ఏమీ పెట్టకూడదు. మత్తులో కక్కితే తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

పోయినేడు చెప్పానుగా అని మాత్రం ఆయన అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇంటికొచ్చి చెప్పా, గర్భసంచి తీసెయ్యాలంట అని. అత్తయ్య లేచి వెళ్ళి పెరటి గుమ్మంలో కూర్చుంది. నేను కావాలని గట్టిగా చెప్పలేదు. గొంతు అలా వచ్చింది.

ఆగస్టు 7, గురువారం

మందు పట్టా. సగం దాని నోట్లోకి, సగం నా నైటీ మీదకి.

ఆగస్టు 8, శుక్రవారం

పక్కింటి నాగశ్రీ వరలక్ష్మీ వ్రతం చేసుకుని బూరెలు తెచ్చింది. అత్తయ్య ప్రసాదం ముట్టదు, కాబట్టి నేను వంటింట్లో నిలబడి తిన్నా. "మత్తు మందు పిల్లులకి పడదంటారు కదక్కా. మా పిన్ని వాళ్ళ కుక్కపిల్ల మత్తులోంచి లేవనే లేదు," అంది నాగశ్రీ. మంచి మనసుతోనే అంది. సగం తిన్న బూరె గిన్నెలో పెట్టేశా.

స్కూల్లో తొమ్మిదో తరగతికి పాఠం చెబుతూ చెబుతూ ఆగిపోయా. ఎక్కడ ఆపానో పిల్లలే గుర్తు చేశారు.

రెండోసారి కడుపు పోయి నేను సెలవు మీద ఉండి, తిరిగి స్కూల్‌కి వెళ్ళిన వారంలోనే కదా చుక్కి దొరికింది. సైన్స్ ల్యాబ్ బీరువా కింద, గుప్పెడంత, వణుకుతూ. నుదుటి మీద తెల్ల చుక్క. ఆ రోజు చీర కొంగులో పెట్టుకుని బస్సెక్కా. కండక్టర్ టికెట్ అడిగితే ఏడుపొచ్చింది, ఎందుకో ఆయనకి అర్థం కాలేదు.

అది పోతే నాకేమవుతుంది? ఏమీ కాదు. పిల్లి. అందరిళ్ళల్లో పిల్లులు పోతాయి.

ఆగస్టు 9, శనివారం

తిన్నది! ఎండు చేప వాసనకి బీరువా వెనక నుంచి వచ్చి రెండు ముక్కలు తిన్నది. జ్వరం దిగినట్టే ఉంది, చెవులు చల్లగా ఉన్నాయి.

వెస్లీకి చెబితే, "అయితే ఆపరేషన్ అక్కర్లేదేమో?" అన్నాడు. ఒక్క క్షణం నాక్కూడా ఆశ పుట్టింది. దిలీప్ గారికి ఫోన్ చేశా. "చీము ఎక్కడికి పోతుందమ్మా? సోమవారం రండి," అన్నారు.

ఆగస్టు 10, ఆదివారం, మధ్యాహ్నం

ఒక పని చేశా. తప్పో కాదో తేల్చుకోలేకపోతున్నా.

ఆరాధన మధ్యలో మా పాస్టరు ఆశీర్వాదం అయ్యగారు ప్రార్థన మనవులు అడిగారు. పున్నమ్మ గారు లేచి భర్తకి పక్షవాతం అని చెప్పింది. ఆమె వెనక ఒకాయన, డయాలసిస్ అన్నాడు. తర్వాత నేను లేచా. ఎందుకు లేచానో నాకే తెలీదు. అంతంత కష్టాలు విన్నాక పిల్లి అనే మాట గొంతు దాకా వచ్చి ఆగిపోయింది.

"రేపు మా ఇంట్లో ఒకరికి ఆపరేషన్ ఉందండి. ప్రార్థన చెయ్యండి," అని కూర్చున్నా.

ఆడవాళ్ళ వైపు అందరూ తిరిగి చూశారు. ముందు నా మొహం, తర్వాత నా పొట్ట. మందిరం బయట అయ్యగారి భార్య రూబీ అమ్మగారు నా రెండు చేతులూ పట్టుకుని, "ధైర్యంగా ఉండమ్మా," అన్నారు. కళ్ళు తడిగా ఉన్నాయి. ఏమనుకుంటున్నారో అర్థమైంది. చెప్పి ఉండాల్సింది. వందనాలు చెప్పి వచ్చేశా.

ఆ ఆదరణ బాగుంది. ఎన్నాళ్ళైందో ఎవరైనా నా చేతులు అలా పట్టుకుని.

నేను అబద్ధమైతే ఆడలేదు. ఇంట్లో ఒకరికి ఆపరేషన్. నిజమే కదా.

అదే రోజు, సాయంత్రం

చుక్కి లేదు. వెతికి వెతికి ఇప్పుడే వచ్చి కూర్చున్నా. రాయకపోతే పిచ్చెక్కుతుంది.

చీకటి పడకముందే చుక్కికి ఆఖరి ముద్ద పెట్టి గిన్నె తీసేశా. అత్తయ్యని భోజనానికి పిలిస్తే కడుపులో బాగాలేదని వద్దంది. షుగర్ మనిషి, తినకపోతే ఎలా అని నేను గొణుగుతుండగా వాకిట్లో చెప్పుల చప్పుడు. తలుపు తీస్తే మందిరం స్త్రీల కూడిక మొత్తం. రూబీ అమ్మగారు, పున్నమ్మ గారు, చేతుల్లో కంజీరలు, ఒకామె భుజాన డోలక్.

ఆపరేషన్ ఉన్న ఇంటికి ముందురోజు సాయంత్రం వచ్చి ప్రార్థన చెయ్యడం మా సంఘంలో ఎప్పుడూ ఉన్నదే. నేను కూడా ఎన్ని ఇళ్ళకి వెళ్ళా, ఎన్ని ఇళ్ళల్లో టీ తాగా! నా ఇంటికి వస్తారని మాత్రం తట్టలేదు.

వద్దనడానికి నోరు రాలేదు. చాపలు పరిచా. ఉక్కపోతగా ఉందని ఎవరో పెరటి తలుపు తీశారు. చుక్కి బీరువా వెనక ఉంది. మొదటి పాట ఎత్తుకున్నారు, చప్పట్లు, డోలక్, కంజీరలు అన్నీ ఒక్కసారే. గోడ వెంట బూడిదరంగు మెరుపులా ఏదో వెళ్ళింది. పెరటి తలుపు వైపే.

లేవాలి. కానీ అందరూ నా చుట్టూ ఉన్నారు, రూబీ అమ్మగారి చెయ్యి నా తల మీద ఉంది. ప్రార్థన మొదలైపోయింది.

"ప్రభువా, ఈ బిడ్డ గర్భం సంగతి నీకు తెలుసు తండ్రీ. రెండుసార్లు ఈ తల్లి ఖాళీ చేతులతో ఇంటికొచ్చింది. రేపు ఆ గర్భసంచే తీసేస్తున్నారు ప్రభువా..."

గర్భసంచి అని నేను అనలేదు, నా పొట్ట చూసి వాళ్ళే అనేసుకున్నారు. చుట్టూ ఏడుపులు. పున్నమ్మ గారు వెక్కివెక్కి ఏడుస్తోంది. నేను కూడా ఏడుస్తున్నా. పిల్లి కోసమో, ఆ ఖాళీ చేతుల కోసమో తెలీదు. భూమి బద్దలై అందులోకి పోతే బాగుండుననిపించింది.

అప్పుడు అత్తయ్య కళ్ళు తెరిచింది. "అమ్మగారూ, కాస్త ఆగండి."

ప్రార్థన మధ్యలో ఆపడం నా జన్మలో చూడలేదు. అందరూ ముసుగుల్లోంచి తలలెత్తారు.

"ఆపరేషన్ మా కోడలికి కాదండి. అది బాగానే ఉంది. ఆపరేషన్ మా పిల్లికి."

ఎవరో కిసుక్కుమన్నారు. అత్తయ్య అటు తిరిగింది.

"నవ్వడానికేముంది? దానిది ప్రాణం కాదా? అది పోతే ఈ పిల్ల తట్టుకోలేదు. నేనూ తట్టుకోలేను." గొంతు సవరించుకుని మళ్ళీ అంది. "మొదలుపెట్టిన ప్రార్థన మధ్యలో వదలకూడదు. పేరు చుక్కి. కానివ్వండి అమ్మగారూ."

రూబీ అమ్మగారు ఒక్క క్షణం నా వైపు చూశారు. తర్వాత కళ్ళు మూసుకుని, "ప్రభువా, సమస్త జీవుల్నీ చేసినవాడివి నువ్వే..." అని మొదలుపెట్టారు. పేరు పెట్టి ప్రార్థన చేశారు. డాక్టర్ చేతుల కోసం, కత్తి కోసం, మత్తు కోసం. ఆమెన్ అని అందరూ అన్నారు, నవ్వినామె కూడా.

ఆమెన్ అనగానే నేను పెరట్లోకి పరిగెత్తా. వచ్చినవాళ్ళందరూ కంజీరలు పక్కన పెట్టి ఫోన్ లైట్లేసుకుని వెతికారు. నాగశ్రీ మేడ మీద చూసింది. తనంతట తాను గుమ్మం దాటి ఎరగని పిల్లి. హైవే ఎంత దూరం? లారీలు.

ఎండు చేప పెడితే వాసనకి వస్తుందేమో. కానీ పెట్టకూడదు. తింటే రేపు ఆపరేషన్ లేదు. రేపు దాటితే పిల్లి లేదు.

"నేనూ తట్టుకోలేను" అంది. ఆవిడకి పిల్లులంటే గిట్టదు కదా?

ఆగస్టు 11, సోమవారం

దిలీప్ గారి ఆసుపత్రి వరండాలో కూర్చుని ఫోన్లో రాసుకున్నా. అదే ఇప్పుడు డైరీలోకి ఎక్కిస్తున్నా.

తెల్లారుతుండగా లేచి చూస్తే అత్తయ్య మంచం ఖాళీ. పెరట్లో వేణ్ణీళ్ళ పొయ్యి ఉన్న రేకుల షెడ్డులోంచి గొంతు వినిపించింది. చిన్న పీట మీద కూర్చుని ఉంది, వంగని మోకాలు ముందుకు చాపుకుని. ఎదురుగా కట్టెల మోపు, దాని వెనక రెండు కళ్ళు.

"రావే తల్లీ. ఈ పూట చేప లేదు. నీకు పెట్టకూడదంట. నువ్వు తినకుండా నేనెలా తింటా? నేనూ నిన్నటి నుంచి ఉపవాసమే. మాత్ర కూడా వేసుకోలేదు. రోజూ మధ్యాహ్నం నా కంచంలో చేపకి ఎలా వస్తావో అలా రా, చూద్దాం."

రోజూ మధ్యాహ్నం! నేను స్కూల్లో ఉన్నప్పుడు. ఆ చీర మీద వెంట్రుకలు గాలికి ఎగిరినవి కావు.

నేను గోడ పక్కన నిలబడిపోయా. ముందుకెళ్తే పిల్లి బెదురుతుంది.

"అనకూడని మాట అన్నానే ఆ రోజు. దాన్నైనా కననివ్వండి అన్నా. అప్పుడే చేయించి ఉంటే నీకీ కోత లేదు. ఆ మాట ఎవరికి తగిలిందో నాకు తెలీదా? కోడలి ఎదురుగా చెప్పుకోవడానికి మొహం చెల్లడం లేదు. నీతో చెప్పుకుంటున్నా. రా."

చాలాసేపు పట్టింది. కట్టెల మోపు కదిలింది. సాలెగూళ్ళు అంటించుకుని వచ్చి, ఆమె చాపిన కాలి మీద గడ్డం ఆనించింది. అత్తయ్య తొందరపడలేదు. మెల్లగా చీర చెంగు కప్పి, ఒళ్ళోకి తీసుకుని, అప్పుడు, "జాయిసూ, అక్కడే నిలబడతావా, గంప తెస్తావా?" అంది.

గంపలో పెట్టలేదు. పెట్టబోతే గోళ్ళు దించింది. అత్తయ్య ముసుగు కింద, ఒళ్ళో పెట్టుకునే ఆటో ఎక్కింది. గంప ఖాళీగా నా చేతిలో. చిల్లకల్లు దాటాక లారీలు మొదలైతే అత్తయ్య దాని చెవులు మూసి నిన్నటి పాటే సన్నగా అందుకుంది. డోలక్ లేకపోతే చుక్కికి ఆ పాట నచ్చినట్టే ఉంది. జ్ఞానయ్య హారన్ కొట్టకుండా నందిగామ దాకా వచ్చాడు. అతని ఆటో హారన్ కొట్టకుండా వెళ్ళగలదని నాకివాళే తెలిసింది.

దిలీప్ గారు పొట్ట చూసి, ఇంకా పగల్లేదు అన్నారు. తర్వాత అలవాటుగా అడిగారు, "గర్భసంచి తీసేస్తే ఇంక పిల్లలు పుట్టరు. తెలుసు కదమ్మా?"

నేను నోరు తెరిచేలోపు అత్తయ్య అంది. "పుట్టకపోతే ఏమైందండి? పుడితేనే మనదా? అది ఉంటే చాలు మాకు."

ఆ మాట డాక్టర్ గారితో అంది. చూసింది మాత్రం నా వైపు.

నేను తల దించుకుని గంప అల్లిక చూస్తూ కూర్చున్నా.

లోపలికి తీసుకెళ్ళారు. తలుపు వేశారు. నాగశ్రీ చెప్పిన కుక్కపిల్ల గుర్తొస్తోంది. అత్తయ్యకి చెమటలు పడుతున్నాయి. బస్టాండ్ దగ్గర ఇడ్లీ తెచ్చా, ముట్టలేదు. "కనీసం మాత్ర వేసుకోండి అత్తయ్యా, మీరు పడిపోతే నేను ఎవరిని చూసుకోను?" అని గట్టిగానే అరిచా. వరండాలో మేకతో కూర్చున్నాయన మా వైపు చూశాడు. 

"అది కళ్ళు తెరవనీ," అంది. నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది. అలాగే ఉంచేశా.

ఇంకా తలుపు తీయలేదు.

ఇంకా లేదు.

ఆగస్టు 12, మంగళవారం

బతికింది. మత్తులోంచి లేచి దిలీప్ గారి అసిస్టెంట్‌ని రక్కింది. "మీ పిల్లికి ఏం భయం లేదండి, మాకే భయం," అన్నారాయన. అత్తయ్య అక్కడే వరండాలో చల్లారిపోయిన ఇడ్లీ తిని మాత్ర వేసుకుంది.

ఆగస్టు 14, గురువారం

పొట్టకి గుడ్డ కట్టారు. పీకేసుకుంటోంది. అత్తయ్య తన పాత జాకెట్ చెయ్యి కత్తిరించి తొడిగింది. బాగా పట్టింది. వెస్లీ, "అమ్మా, నాకెప్పుడైనా కుట్టావా ఇలా?" అన్నాడు.

ఆగస్టు 17, ఆదివారం

ప్రార్థన నెరవేరితే లేచి సాక్ష్యం చెప్పాలి. లేచా. ఈసారి పేరు చెప్పా.

"మా పిల్లి చుక్కికి ఆపరేషన్ బాగా జరిగింది. పోయిన వారం పేరు చెప్పలేదు, క్షమించండి."

మగవాళ్ళ వైపు నుంచి నవ్వు లేచింది. ముందు వరసలో అత్తయ్య వెనక్కి తిరిగి ఒక్క చూపు చూసింది, అంతే, సద్దుమణిగింది. రూబీ అమ్మగారు గట్టిగా స్తోత్రం అన్నారు.

మధ్యాహ్నం కొరమేను పులుసు. అత్తయ్య ముందు ఒక ముక్క ముళ్ళు తీసి చుక్కి గిన్నెలో వేసింది. తర్వాత ఇంకోటి, అది కూడా ముళ్ళన్నీ తీసి, తీసుకొచ్చి నా కంచంలో వేసింది. "నువ్వూ చిక్కిపోయావు. తిను."

నాకు ముళ్ళు తీసుకోవడం వచ్చు. అయినా తిన్నా.

ఒక మాట నిజం రాసుకోవాలి. అత్తయ్య అన్న ఆ మాట మర్చిపోయా అని రాశా. మర్చిపోలేదు. ఇన్నాళ్ళలో ఒక్క పూట కూడా మర్చిపోలేదు. ఇవాళ ఆ చేప ముక్క తిన్నంతసేపూ మాత్రం గుర్తు రాలేదు.